చాలు

పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, కాళ్లకు పెద్దపిల్ల చుట్టుకుంది, కడుపులో ఇంకొకరు తంతున్నారు. మా అత్తమ్మ గంగవ్వ మంచం మీద నుంచి చిక్కుడుకాయల గంప నా వైపు తోసింది. "కాన్పంటే గింత బుగులేందే? మేం సాంచెల కాడ బట్ట నేసుకుంటనే నొప్పులు పడ్డోళ్లం," అంది.

నా భయం నొప్పి గురించి కాదు. పెద్దది పుట్టినప్పుడు, అరిచానని ఆసుపత్రిలో ఆయా నా తొడ మీద చరిచింది. "మొగుడి పక్కన పడుకున్నప్పుడు అరవలేదా?" అంది. తెర లేదు. వచ్చినవాళ్లల్లా మాటైనా చెప్పకుండా చెయ్యి పెట్టి చూసిపోయారు. ఇంటికొచ్చి చెబితే మా ఆయన శ్యాంసుందర్ "గవన్నీ మామూలే," అని టీవీ చప్పుడు పెంచాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఈసారి కరోనా. సూరత్‌లో ఈ ఆసుపత్రి వాళ్లు శ్యాంసుందర్‌ను గుమ్మం దగ్గరే ఆపేశారు. మళ్లీ ఒక్కదాన్నే లోపలికి నడిచాను. లోపల ప్లాస్టిక్ సూటులో మునిగిపోయిన నర్సు, "సింధూజాబెన్, నా పేరు ఊర్మిళ. లోపల పరీక్ష చెయ్యాలి, చెయ్యనా?" అని, అక్కా అన్నట్టు బెన్ చేర్చి, హిందీలో అడిగింది. చెయ్యనా! నా ఒంటి మీద చెయ్యి వెయ్యడానికి నన్ను అడగడమా! నొప్పుల మధ్యలోనే నవ్వొచ్చింది. తెర లాగింది. నడవాలనిపిస్తే నడవమంది. "గట్టిగా అరవండి బెన్, ఇక్కడెవరూ ఏమీ అనరు," అంటూ నడుం రాసింది. నేను కడుపునిండా అరిచాను.

చివర్లో ఆమె, "చాలు, చాలు!" అంది. హమ్మయ్య అని ముక్కడం ఆపేశాను.

"ఆపారేం? చాలు రఖో!"

సూరత్‌లో చాలు అంటే ఆపకుండా నడపమని. ఇక్కడి లింబాయత్ బస్తీలో సాంచెల చప్పుడు మధ్య కాపురం చేస్తున్నదాన్ని, నాకు తెలియదా? కానీ ఆ నొప్పిలో నాకు తెలుగొక్కటే మిగిలింది. వండింది చాలు, ఉతికింది చాలు, ఇక కూర్చోవే అని మా ఇంట్లో ఒక్కరూ అనలేదు మరి. ఎవరో ఇన్నాళ్లకు అన్నారని నమ్మేశాను.

"మా తెలుగులో చాలు అంటే బస్, ఇక ఆపమని!" అన్నాను రొప్పుతూ.

ఊర్మిళాబెన్ పడీపడీ నవ్వింది. మాస్కు ఆవిరికి ఆమె కళ్లద్దాలు మసకబారాయి. "అయితే ఇప్పుడే చాలు కాదు, ఇంకొక్కసారి!" అంది. నేనూ నవ్వుతూనే ముక్కాను. బిడ్డ కెవ్వుమంది. ఆడపిల్ల! నా గుండె మీద పడుకోబెట్టి, "ఇప్పుడు చాలు, మీ తెలుగు చాలు," అంది ఊర్మిళాబెన్. ఎంత సంతోషమో, వెక్కివెక్కి ఏడ్చేశాను.

ఇంటికొచ్చాక గంగవ్వ బిడ్డ మీది గుడ్డ తొలగించి చూసింది. "మల్ల ఆడపిల్లనే. ఏం గాదు తియ్, మొగపిలగాని కోసం ఇంకోసారి జూద్దాం."

శ్యాంసుందర్ తలూపాడు. నన్నెవరూ అడగలేదు. బిడ్డకు పాలిస్తూనే, "చాలు," అన్నాను.

"చాలు అంటే? నడవనియ్యమనా?" అని నవ్వాడు.

"నేను తెలుగుల చెప్తున్న," అన్నాను.