దిగువవాళ్ళు వేసే మార్కులు

సమావేశంలో కాగితం చూసి చదవడమేగా, ఎవరు చదివితేనేం అని భర్త అప్పటికే చాలాసార్లు అనేశాడు. టీ దగ్గర మొదలైన మాట వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి బట్టలారేసిన బాల్కనీలోకి ఆమె వెనకాలే తిరుగుతోంది. ఆమె దుప్పటి కొసలు కలుపుతూ, చదివాక ప్రశ్నలడిగేవాళ్ళుంటారని చెప్పింది.

"మీ డైరెక్టరు గారు చెప్తార్లే. ఆయనకి తెలీదా ఏంటి?"

ఆయనకి తెలీదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు, డైరెక్టరుకీ తెలుసు.

పొద్దున ఫోను మోగినప్పుడు ఆమె స్నానానికి వెళ్ళింది. భర్త ఎత్తాడు. వచ్చే వారం మూడు దేశాల ఉమ్మడి నదీ సంఘం సమావేశానికి ఆవిడ వస్తారా అని డైరెక్టరు అడిగితే, మా అమ్మకి అప్పుడే కంటి ఆపరేషను, మా ఆవిడకి వీలుపడదు లెండి, మీరే కానిచ్చెయ్యండి అని చెప్పేశాడు. ఆమె తల తుడుచుకుంటూ బయటికి రాగానే, నెత్తిమీది బరువు దించిపెట్టినవాడిలా ఆ కబురు చేరవేశాడు కూడా.

ఆ సంఘం ఆఫీసులో ఆమె పని, నది ఎలా ఉందో మూడు దేశాలవాళ్ళూ పంపే లెక్కలు చూసి, మంత్రికీ రైతుకీ ఒకేలా అర్థమయ్యే మాటల్లో నివేదిక రాయడం. మొదట్నించీ ఒక పద్ధతి ఉండేది. నదిలో ఎవరి ముక్కకి వాళ్ళే మార్కులు వేసుకుంటారు. కొండల్లోవాళ్ళు మా ఆనకట్ట బంగారం అనేవాళ్ళు. మైదానంవాళ్ళు మా కాలవలు అద్దాల్లా ఉన్నాయనేవాళ్ళు. చివరి దేశంవాళ్ళూ తక్కువ తినలేదు. నది పటమంతా పచ్చరంగే. ఆ రంగు ఆమె తన చేత్తోనే వేసింది. తీరా నది సముద్రంలో కలిసే చోట చూస్తే చేపలు లేవు, ఉప్పునీరు ఎదురెక్కి పొలాల్లోకి వచ్చేస్తోంది. అందరూ ఫస్టు క్లాసే, నది మాత్రం ఫెయిలు.

ఈ తిరకాసు ఆమెకి ఆఫీసులో కాదు, ఇంట్లో సింకు ముందు విడిపోయింది. నా పని నేనే చేసుకుంటానండీ అని భర్త చుట్టాలందరి దగ్గరా చెప్పుకుంటాడు. అబద్ధం కాదు. తిన్న కంచం తనే తెచ్చి సింకులో పెడతాడు, విప్పిన చొక్కా తనే బకెట్లో వేస్తాడు. కూతురూ అంతే, అత్తగారూ అంతే. ఎవరికి వాళ్ళు నూటికి నూరు వేసుకున్నాక, ఆ కంచాలూ చొక్కాలూ వచ్చి చేరేది ఆమె చేతుల్లోకి. వాళ్ళ మార్కులు తను వేస్తే ఎలా ఉంటుందా అనుకుని, గిన్నె తోముతూ తోముతూ ఆగిపోయింది.

మర్నాడే ఆఫీసులో ఆ మాట పెట్టింది. ఎవరి మార్కులు వాళ్ళు వేసుకోకూడదు, ఎగువవాళ్ళకి దిగువవాళ్ళు వెయ్యాలి, చివరివాళ్ళకి సముద్రం ఒడ్డున వలేసే జాలరులు వెయ్యాలి. ఇదేదో అత్తాకోడళ్ళ పంచాయితీలా ఉందే అని ఒక ఇంజనీరు నవ్వాడు. అయినా ఒక ఏడాది చేసి చూశారు. పటం సగం ఎర్రబడింది. ఎర్రబడ్డాకే, గేట్లు ఎత్తేముందు కిందివాళ్ళకి కబురు చెయ్యాలన్న ఒప్పందం కుదిరింది. కానీ కిందటి సమావేశంలో ఆ మార్కుల నివేదిక చదివింది డైరెక్టరు. కిందివాళ్ళు కక్షతో తక్కువ వేస్తే ఏం చేస్తారని కొండలవాళ్ళు అడిగితే, పరిశీలిస్తాం అని కూర్చున్నాడు. దాంతో అనుమానాలు బయల్దేరాయి. ఈసారి ఆ పద్ధతి ఉంచాలా తీసెయ్యాలా అని తేల్చేస్తారు. ఆ ప్రశ్నకి జవాబు ఆమె దగ్గరుంది. పై గేటు ఎప్పుడు ఎత్తారో, కింద నీళ్ళు ఎప్పుడు పెరిగాయో పక్కపక్కన పెట్టి చూపిస్తే, కక్షేదో నిజమేదో చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. అయితే చూపించే మనిషి అక్కడ ఉండాలి.

ఆఖరి దుప్పటి బీరువాలో పెట్టి, ఆమె గదిలోకి వెళ్ళి డైరెక్టరుకి ఫోను చేసింది. పొద్దున మీరు విన్నది మా ఆయన అభిప్రాయం, నేను వస్తున్నాను, నివేదిక నేనే చదువుతాను అంది. సరేనమ్మా అన్నాడు డైరెక్టరు. గొంతులో కాస్త ఊరట కూడా ఉన్నట్టనిపించింది.

భోజనాల దగ్గర అందరూ ఉన్నారు. కూతురికి వడ్డించి, తనూ వడ్డించుకుని కూర్చున్నాక మామూలు గొంతుతోనే చెప్పింది.

"నేను సమావేశానికి వెళ్తున్నాను. వారం రోజులు ఉండను."

భర్త చెయ్యి కంచంలోనే ఆగింది. కూతురు తలెత్తి తల్లినీ తండ్రినీ మార్చి మార్చి చూసింది. ముందుగా మాట్లాడింది అత్తగారు.

"వెళ్తే వెళ్ళావుగానీ, అక్కడైనా కాస్త గట్టిగా మాట్లాడమ్మాయ్. ఇంట్లో నువ్వేమన్నా ఈ కుర్చీ దాకా వినపడి చావదు."

"వినపడేలాగే మాట్లాడతానత్తయ్యా."

"మరి ఆపరేషను? అమ్మ దగ్గర ఎవరుంటారు?" అన్నాడు భర్త.

"అది మీరు ముగ్గురూ కూర్చుని తేల్చుకోండి," అని ఆమె ముద్ద కలుపుకుంది. "నేను ఆదివారం బయల్దేరుతున్నాను."