చూసింది నా భార్య

బంగాళాదుంపల తొక్కు తీస్తుంటే లియొనెల్ తన గదిలోంచి కేకేశాడు. "ఎనిడ్, చేతులు కడుక్కుని రా. ఒక ఉత్తరం టైపు చెయ్యాలి."

మా ఆయన ఇంగ్లండులో మా డోర్సెట్ జిల్లా పొలాల పేర్ల మీద పుస్తకం రాశాడు. కొండలకీ, తలదాచుకునే చోట్లకీ పాత ఇంగ్లీషులో ఉన్న మాటలూ, వాటి జర్మానిక్ మూలాలూ. ఆ పేర్లు ఊరూరా అడిగి చీటీల మీద రాసుకొచ్చింది నేను. పద్దెనిమిదేళ్లు, సైకిల్ మీద. ఆయన మోకాళ్లకి గుట్టలెక్కడం పడదు. ముందుమాటలో ప్రొఫెసర్లందరి పేర్లూ అయ్యాక "ఓపిగ్గా టీ అందించిన నా భార్యకు" అని ఉంది. అదీ నేనే టైపు చేశాను. ఆ రోజంతా ఒళ్లు మండిపోయింది. అయినా రాత్రికి వంట చేశాను.

'లూ' అని ఒక పొలం ఉంది. నేను వెళ్లేసరికి కాపరి భార్య డార్కస్ అక్కడ పల్లంలో, ఈనే గొర్రెల కోసం గడ్డి తడికలు కడుతోంది. "ఇటొచ్చి నిలబడమ్మా, గాలి కొట్టదు. మేం లూ అనేది దీన్నే," అంది. నిజంగానే గాలి ఆగిపోయింది. చీటీ మీద రాశాను: దిబ్బ లేదు, పల్లం. మూలం 'హ్లేఓ', అంటే చాటు.

లియొనెల్ ఎర్రసిరాతో కొట్టేశాడు. "ఇది 'హ్లేవ్', దిబ్బ. పాత గోతిక్ భాషలోనూ ఉందీ మాట, సమాధి మీది దిబ్బకి. గొర్రెలవాళ్ల కబుర్లు మోసుకొచ్చి నాకు పాఠాలు చెప్పకు."

"ఒక్కసారి వచ్చి చూడండి. అక్కడ దిబ్బే లేదు."

"ఎప్పుడో దున్నేసి ఉంటారులే. టీ చల్లారిపోయింది, చూసుకోవా?"

పుస్తకంలో దిబ్బ అనే అచ్చయింది. నిన్న వచ్చిన పత్రికలో ఒక సమీక్షకుడు, తానే వెళ్లి చూసొచ్చి, అడిగాడు: అక్కడున్నది పల్లం, గొర్రెల చాటు. రచయిత ఆ పొలంలో అడుగైనా పెట్టారా?

టైపు మిషన్ ముందు కూర్చున్నాను. లియొనెల్ కిటికీవైపు తిరిగి, పత్రికలో అచ్చుకి జవాబు చెప్పసాగాడు. "ఆ చోటు చూసింది నేను కాదు, నా భార్య. ఆమె చీటీని నమ్మడమే నా పొరపాటు."

వేళ్లు ఆగిపోయాయి. ఎర్రగీత ఉన్న ఆ చీటీ నా వెనక పెట్టెలోనే ఉంది, చెయ్యి చాపితే అందుతుంది. చూపిస్తే ఏమంటాడో తెలుసు. పత్రికకి పంపితే మొగుడూపెళ్లాల గొడవని నవ్వుకుంటారు.

"నా పేరు వెయ్యనా?" అన్నాను.

"వెయ్యి. తప్పెవరిదో తెలియాలి కదా."

వేశాను. మొదటిసారి అచ్చుకి వెళ్తున్న నా పేరు, ఒక్క అక్షరం తప్పు పోకుండా.