పచ్చి టేకు కాయలు

మేం వెళ్లేసరికి ఆ వంకర టేకు మొదలు చుట్టూ సున్నంతో గీత గీసి ఉంది.

ఊరి చివరి ఆ చిన్న అడవికి సెలవు రోజుల్లో జనం సరదాగా నడవడానికి వస్తారు. అందులో సగం మాత్రం విత్తనాల కోసం పెంచుతున్న టేకు. చెట్లన్నీ నిటారుగా ఉంటాయి. ఇదొక్కటే నడుమెత్తున పక్కకు వంగి, మళ్లీ పైకి లేచింది. మా ఆయన ఆ వంపు మీద కూర్చుని, చెప్పులు వదిలేసి కాళ్లు ఊపేవారు. ఆయన పోయాక ఇక్కడికి రావడం ఇదే మొదలు. తోడుగా ఆయన అక్క వచ్చింది.

"ఈ గీతేమిటి బాబూ?" అని కాపలాదారుని అడిగాను.

"రేపు కొట్టేస్తారమ్మా. దీని పుప్పొడి కలిస్తే మంచి చెట్ల గింజలకూ వంకర మొక్కలే వస్తాయి. ఇన్నాళ్లు ఎలా వదిలేశారో!"

"మా తమ్ముడు దిగితేగా కొట్టడానికి!" అంది వదిన. "వాడు మాత్రం ఒక్కరోజైనా తిన్నగా కూర్చున్నాడా?"

నవ్వబోయి ఆగిపోయాను.

"దీని గింజలు నాలుగివ్వరా? పెరట్లో వేసుకుంటాను."

"దీనివి మేం ఏరమమ్మా. మంచివి ఆఫీసులో బోలెడున్నాయి."

"నాకు దీనివే కావాలి."

అతను పక్క కొమ్మ వైపు తలెత్తి చూశాడు. "ఇంకా పచ్చివే. ఎండి, వాటంతటవే రాలాలి. ఇప్పుడు కోస్తే మొలవవు."

"రాలేదాకా ఆగలేరా?"

"నా చేతిలో ఏముందమ్మా? కోసుకుంటే కోసుకోండి. చెట్టే పోతుంటే కాయల్ని ఎవరడుగుతారు?"

చీర కుచ్చిళ్లు దోపుకుని వంపు మీదికెక్కాను.

"ఈ వయసులో కోతి వేషాలేమిటే! పడితే నిన్ను మోసేదెవరు? మొలవవంటుంటే వినవేం?" అని తిడుతూనే వదిన నా కాళ్లు గట్టిగా పట్టుకుంది.

కొమ్మ వంచి ఒక గుత్తి తుంచాను. ఒక్కో కాయ చుట్టూ పల్చటి పొర బుడగలా ఉబ్బి ఉంది. లోపలి కాయ గోటితో నొక్కితే దిగబడింది. అయినా కొంగులో మూట కట్టుకున్నాను.

తిరుగుదారిలో బస్సు కోసం నిలబడ్డాం. వదిన చాలాసేపు రోడ్డు వైపే చూసింది. తర్వాత నా వైపు చెయ్యి చాపింది.

"నాకూ కొన్ని ఇవ్వు."

"మొలవవు వదినా."

"చెవిటిదాన్నేం కాదు, విన్నాను. ఇవ్వవే."