ఎనభై ఏడో వంతు మనిషి

ప్లాట్‌ఫారం అంచున ప్లైవుడ్ పొరలు ఒకదాని మీద ఒకటి కనిపిస్తున్నాయి, జిగురు వాసన ఇంకా పోలేదు, అయినా ఇది స్టేషనేనని వకుళకి తెలుసు. ఎందుకంటే గంట కింద తెల్ల ప్యాంటూ తెల్ల కోటూ వేసుకుని, చంకలో ఆకుపచ్చ జెండా ఇరికించుకుని ఆమె భర్త కుక్కుటేశ్వరరావు నిలబడి ఉన్నాడు. ఆయన పోయి పద్నాలుగు నెలలైందన్న సంగతి ఇద్దరికీ గుర్తుంది, కానీ రైలు కోసం చూస్తున్న చోట అలాంటి ప్రసక్తి తేవడం మర్యాద కాదన్నట్టు ఇద్దరూ ఊరుకుంటారు.

పైనుంచి మంచులాంటిదేదో జల్లెడ పట్టిన మైదాపిండిలా దిగుతోంది. పట్టాల పక్కన గడ్డి ఉండాల్సిన చోట ఆకుపచ్చ రంగు వేసిన రంపపు పొట్టు ఉంది. ప్రయాణికులు పదిమంది దాకా ఉన్నారు, ఎవరికీ మొహాలు లేవు, ప్రతి ఒక్కరి కాళ్ళ కిందా బొట్టుబిళ్లంత జిగురు చుక్క మెరుస్తోంది. మర్యాదకి పక్కావిడని పలకరించబోతుంది వకుళ.

"కదపకు. ఇంకా ఆరలేదు" అంటాడు కుక్కుటేశ్వరరావు.

"బతికున్నప్పుడూ ఇంతే మీరు. ఎవరితోనూ మాట్లాడనిచ్చేవారు కాదు."

అన్నాక నాలుక కరుచుకుంటుంది. ఆయన నొచ్చుకున్నట్టు లేడు. నవ్వుతాడు, నవ్వుతూ ఉండగానే చిన్నవాడవుతాడు, ముందు ఆమె భుజం దాకా, తర్వాత మోకాలి దాకా, చివరికి ప్లైవుడ్ మీద చింతగింజంత తెల్లమచ్చ. వకుళ గబుక్కున కూలబడి రెండు చేతులూ చుట్టూ అడ్డం పెడుతుంది, గాలికి దీపం ఆరిపోకుండా పెట్టినట్టు. ఆ దోసిలిలోంచి ఆయన మళ్ళీ పెరుగుతాడు, ఆమె చేతులు పక్కకి తోసుకుంటూ, ఈసారి స్టేషను కప్పు దాకా, ఆ కప్పు మీద చెయ్యి ఆనించుకుని అలిసిపోయిన మనిషిలా నిలబడతాడు.

"ఏవిటండీ ఇది?" అంటుంది వకుళ.

"ఏం చెయ్యను వకుళా, నేను ఏ సైజులో ఉండాలో నువ్వు చెప్పలేదుగా."

ఆయన దేని గురించి అంటున్నాడో ఆమెకి వెంటనే తెలుస్తుంది. ఉద్యోగమంతా కాకినాడ చుట్టుపక్కల చిన్న స్టేషన్లలో స్టేషను మాస్టరుగా చేసి, రిటైరై సామర్లకోటలో ఇల్లు కట్టుకున్నాక ఆయనకి బొమ్మ రైలు మీద మనసు పడింది. పిల్లల బొమ్మ కాదు, అచ్చం నిజం రైలునే కొలత ప్రకారం కుదించిన రైలు. ఆరడుగుల పొడవూ నాలుగడుగుల వెడల్పూ ఉన్న ప్లైవుడ్ పలక తెచ్చి మంచం కిందకి తోశాడు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు ఎంచుకుంటూ గడిపాడు. పెద్ద సైజంటే ఎనభై ఏడో వంతు, చిన్నదంటే నూట అరవయ్యో వంతు. చిన్నది కొంటే ఆ పలక మీద రెండు స్టేషన్లూ కొండా సొరంగమూ అన్నీ పడతాయి. పెద్దది కొంటే గుడ్డు ఆకారంలో ఒక్క చుట్టు, అంతే. ఇంతలో చేతులు వణకడం మొదలైంది. చిన్న సైజు పెట్టెల్ని పట్టాల మీద నిలపడం ఆ చేతులవల్ల కాదు. ఆ వణుకు ఆయన దాచాడు, ఆమె చూడనట్టు నటించింది, ఆమె నటిస్తోందని ఆయనకి తెలుసు, ఈ ఏర్పాటు ఇద్దరికీ బాగానే ఉండేది. చివరి రోజు పొద్దున ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, "పెద్దదా చిన్నదా, ఇవాళ నువ్వు చెప్పు వకుళా" అన్నాడు. ఆమె గ్రైండరు ఆపకుండానే "మీ ఇష్టం, నాకేం తెలుసు" అంది. అట్లు వేసి పిలిస్తే కుర్చీలోంచి ఆయన లేవలేదు.

"అప్పట్నుంచీ ఇదే వరస" అంటాడాయన, మళ్ళీ మామూలు ఎత్తుకి దిగుతూ. "రైలు వస్తుంది. తలుపు నాకు చాలదు, లేకపోతే మెట్టు నాకు అందదు. వెళ్ళిపోతుంది."

అంటూ ఉండగానే రైలు వస్తుంది, చప్పుడు లేకుండా, కుట్టుమిషను దారం లాగినట్టు సన్నగా. ఇంజనూ మూడు పెట్టెలూ. ఆఖరి పెట్టె కిటికీ దగ్గర ఒకావిడ కూర్చుని ఉంది, వంగపండు రంగు చీర, జడలో చిన్న చామంతి. ఆ చీర వకుళ బీరువాలో రెండో అరలో ఉండాలి. ఆవిడ మొహం అటు తిరిగి ఉంది. రైలు ఆగకుండా మలుపు తిరిగి, పిండి తెరలోకి పోయి, అవతల్నుంచి మళ్ళీ వస్తుంది, మళ్ళీ అదే కిటికీ, అదే చీర, కాకపోతే ఈసారి తల రవ్వంత ఇటు తిరిగినట్టు అనిపిస్తుంది.

"ఆవిడెవరండీ?"

"సెట్టుతో పాటు రెండు బొమ్మలిస్తారు. ఒకటి జెండా పట్టుకున్నది, ఒకటి కూర్చున్నది." ఆయన పట్టాల వైపు చూస్తూ తేలిగ్గా అంటాడు. "కూర్చున్నదాన్ని అట్టపెట్టెలోంచి తియ్యకు. తొందరేం లేదు."

వకుళకి వీపు మీద ఎవరో చల్లని గరిటె ఆనించినట్టవుతుంది. అయినా ముప్ఫై ఆరేళ్ళ కాపురం అలవాటు కొద్దీ మాట మారుస్తుంది. "ఇంతకీ ఏమేం కొనాలో చెప్పండి. మీరు కూరలు తెస్తే సగం పుచ్చు వంకాయలే. ఇందులో నేనలా మోసపోకూడదు."

ఆయన మొహం వెలుగుతుంది. "ఇంజనొక్కటి మంచిది కొను, అక్కడ పీనాసితనం చూపించకు. పెట్టెలు మూడు చాలు. పట్టాలన్నీ ఒకే కంపెనీవి తీసుకో, రెండు కంపెనీలవి కలిపితే అతుకుల దగ్గర రైలు పడిపోతుంది. వేగం పెంచే మీట నెమ్మదిగా తిరిగేది చూసుకో. పట్టాల్ని మెత్తని గుడ్డతో తుడవాలి, నీ గిన్నెలు తోమే పీచు మాత్రం దగ్గరికి రానివ్వకు."

"నా పీచు మీకేం చేసింది?"

"నీ వంటింటికీ రైలు సామాన్లకీ పడదు, ఒకసారి అనుభవించాను."

ఆ సంగతీ ఇద్దరికీ తెలుసు. పెళ్ళయిన కొత్తలో స్టేషను పక్కనే క్వార్టర్సు. ఆ లైన్లో ఇనుప బంతి డ్రైవరు చేతికిస్తేనే రైలు కదలాలి, దాన్ని టోకెన్ అనేవారు. ఒకరోజు భోజనానికి వస్తూ ఆయన పరధ్యానంగా ఆ బంతిని క్యారేజీ సంచిలో వేసుకొచ్చాడు. ఉప్పులో వేసిన మాగాయ ముక్కలకి బరువు వెతుక్కుంటున్న కొత్త పెళ్ళికూతురు దాన్ని చూసి సంబరపడి, జాడీలో పళ్ళెం బోర్లించి దాని మీద పెట్టింది. పాసింజరు రెండున్నర గంటలు నిలబడిపోయింది. పై అధికారులు అడిగితే ఆయన "నా జేబులో ఉండిపోయింది" అని రాసిచ్చాడు, ఏడాది ఇంక్రిమెంటు పోగొట్టుకున్నాడు, జాడీ ఊసు ఎత్తలేదు.

"నా పేరెందుకు చెప్పలేదండీ?" ఆమె ఎప్పుడూ అడగని ప్రశ్న.

"మాగాయ బాగా కుదిరింది."

రైలు మూడోసారి వస్తోంది. ఈసారి చప్పుడు ఉంది, పళ్ళు కొరికినట్టు. మొహాల్లేని వాళ్ళంతా ఒక్కసారిగా అటు తిరుగుతారు, జిగురు పట్టు వదిలిన చిన్న చప్పుడు వరసగా. కిటికీ దగ్గరావిడ ఇంకో చుట్టు వస్తే పూర్తిగా ఇటు తిరుగుతుందని, ఆ మొహం తను చూడకూడదని వకుళకి తెలిసిపోతుంది. కుక్కుటేశ్వరరావు మళ్ళీ కరుగుతున్నాడు, నడుము దాకా, మోకాలి దాకా.

"చెప్పు వకుళా. పెద్దదా చిన్నదా?"

"పెద్దదే" అంటుంది వకుళ. "మీ చేతులు వణుకుతాయి. నాకు ఎప్పట్నుంచో తెలుసు. చిన్నది మీవల్ల కాదు. పెద్దదే కొంటాను."

మాట పూర్తయ్యేసరికి అంతా ఆగిపోతుంది, పడుతున్న పిండితో సహా. ఆయన ఆమె అరచేతిలో వేలి కణుపంత ఎత్తున నిలబడి ఉన్నాడు, పెరగడు, తరగడు. తన చేతుల్ని తిప్పి తిప్పి చూసుకుంటాడు.

"ఎనభై ఏడో వంతు" అంటాడు, గొంతు మాత్రం మామూలంత ఉంది. "ఇదే అనుకున్నాను. నువ్వు అంటే బాగుంటుందని ఆగాను."

"తొమ్మిదేళ్ళా?"

"నువ్వు అనవేమోనని భయపడి మరో ఏడాది ఆగేవాణ్ణే."

"చుట్టే కదా," అంటుంది వకుళ ఆశగా, "తిరిగి వస్తూనే ఉంటారుగా?"

"ఒక పాయింటు కూడా కొను, రైలు దారి మళ్ళడానికి. మూరెడు పట్టా. ఊరికే తిరుగుతూ ఉంటే దిగేదెప్పుడు?" తర్వాత ఆయన బియ్యపుగింజంత చెయ్యి చాస్తాడు. "టోకెన్."

ఆమె కొంగు ముడి విప్పుతుంది. అక్కడుంది, చల్లగా, బరువుగా, మాగాయ వాసనతో. ఇవ్వకపోతే రైలు కదలదు, ఈయన ఇక్కడే ఉంటాడు. ఒక్క క్షణం గుప్పిట బిగిస్తుంది. ఆయన తొందరపెట్టడు, చూస్తూ ఉంటాడంతే, ఆ రోజు అధికారుల ముందు నిలబడ్డప్పటి మొహంతో. వకుళ గుప్పిట తెరుస్తుంది.

ఆకుపచ్చ జెండా లేస్తుంది.

తలుపు ఎవరో కొడుతున్నారు. మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చిన వకుళ లేచి కూర్చుంటుంది, కుడిచెయ్యి ఇంకా తెరుచుకునే ఉంది. బయట వడ్రంగి సత్తిబాబు.

"అమ్మగారూ, చెప్పుల బీరువాకి మంచం కింద చెక్క ఇస్తానన్నారు కదండీ. పట్టుకెళ్ళి కోసేస్తానండి."

"దాన్ని కోసేది లేదు సత్తిబాబూ. కాళ్ళు బిగించాలి. పైకి లాగు, చూద్దాం."

ఇద్దరూ కలిసి పలకని మంచం కిందనుంచి లాగి గోడకి నిలబెడతారు. ఇన్నేళ్ళూ నేలకి ఆనుకుని ఉన్న వైపు ఇప్పుడు కనిపిస్తోంది. దాని మీద పెన్సిలుతో గీసిన గుడ్డు ఆకారం, పెద్ద సైజు కొలతలు, గీత పొడవునా సన్నని వణుకు. ఒకచోట ఆ చుట్టులోంచి మూరెడు గీత విడిపోయి, చెక్క అంచు దగ్గర చిన్న చతురస్రంలో ఆగింది. ఆ చతురస్రంలో రెండు సున్నలు పక్కపక్కన.

"ఏటండీ ఇయ్యి, మేకులకి గుర్తులాండీ?" అంటాడు సత్తిబాబు.

ఒక సున్న పెన్సిలుతో నల్లగా నింపి ఉంది. రెండోది ఖాళీగా ఉంది.

"కాదులే" అంటుంది వకుళ, ఖాళీ సున్న మీది దుమ్ముని కొంగుతో తుడుస్తూ. "దానికి తొందరేం లేదు."