నాలుగు మూలల పసుపు

మెయిల్ వచ్చేసరికి దేదీప్య దోసె తిరగేస్తోంది. ఒక చేతిలో అట్లకాడ, ఇంకో చేతిలో ఫోన్. చదివి గెంతింది. దోసె మాడింది.

“వేదాంత్! మన పెళ్లికి నేను గీసిన శుభలేఖ బొమ్మ కార్డుల కంపెనీ వాళ్లకి నచ్చిందట! నా పేరుతోనే వేస్తారట!”

పెళ్లయి నలభై రోజులు. జెర్సీ సిటీలో ఆ పదకొండో అంతస్తు ఫ్లాట్‌లో పోపులడబ్బాతో సహా అన్నీ కొత్తే. మాడిన దోసెను కూడా చెరిసగం తుంచుకుని తినేంత కొత్త కాపురం.

మెయిల్ చివర మాత్రం ఒక మెలిక ఉంది. పల్లకీలో పెళ్లికూతురు, నాలుగు మూలలా నాలుగు చిలకలున్న ఆ బొమ్మ ఇప్పటికే ఇంటర్నెట్‌లో ముగ్గురి పేర్లతో తిరుగుతోందట. అది తనదేనని దేదీప్య రేపు సాయంత్రంలోగా రుజువు చూపాలి.

“అదెంత పని?” వేదాంత్ కాలరెగరేశాడు. “పెళ్లికి ముందే బ్లాక్‌చైన్ అనే ఆన్‌లైన్ చిట్టాలో రిజిస్టర్ చేశా కదా. ఫైల్‌కి వేలిముద్ర లాంటి నంబరు తీసుకుని, చుక్క తేడా ఉన్నా పట్టేసేలా, తారీఖుతో సహా ఎక్కించేస్తుంది. ఇక బ్రహ్మదేవుడు కూడా దిద్దలేడు.”

దేదీప్య మురిసిపోయి ఆ రికార్డు వివరాలతో పాటు తన అసలు ఫైల్ పంపింది. గంటలో జవాబు వచ్చింది: రెండూ సరిపోలడం లేదు.

“నువ్వు రిజిస్టర్ చేసింది ఏ ఫైల్?”

“ఫ్యామిలీ గ్రూప్‌లో వచ్చిందే.”

“నన్నడిగితే ఇచ్చేదాన్ని కదా!”

“సర్‌ప్రైజ్ చేద్దామని...”

ఆ ఫైల్ తెరిచి, పెద్దది చేసి చూసింది. నాలుగు మూలలా, సరిగ్గా చిలకల తోకల మీద, నాలుగు పసుప్పచ్చటి మరకలు.

గ్రూప్‌లో పెట్టింది దగ్గర్లోనే ఎడిసన్ అనే ఊళ్లో ఉండే వేదాంత్ పిన్ని అనురాధ. ఫోన్ చేస్తే ఆవిడ తొణకలేదు.

“అవును, నేనే ఫోన్ మీద వేలితో పసుపు రంగు దిద్దాను. పసుపు పెట్టకుండా శుభలేఖ పంచుతారా ఎవరైనా? మీకు తోచలేదు, నేను పెట్టాను.”

“చిన్నత్తయ్యగారూ, అది ఫోన్‌లో పంపే బొమ్మండీ!”

“ఫోన్‌లో పంపితే మాత్రం పెళ్లి కాదా? అయితే అమ్మాయ్, అందులో నా చెయ్యి కూడా పడ్డట్టేగా. కార్డు మీద నా పేరూ వేస్తారా?”

“మళ్లీ చేస్తానండీ,” అని ఫోన్ పెట్టేసి, దేదీప్య మొగుడి వైపు తిరిగింది.

“ఆ రికార్డు తీసెయ్.”

“తీయలేం. అదే దాని గొప్ప.”

“పోనీ దిద్దు.”

“కుదరదు.”

“అసలు ఫైల్‌తో మళ్లీ చెయ్యి.”

“ఇవాళ్టి తారీఖు పడుతుంది. ఆ ముగ్గురి వెనక నాలుగోదానివవుతావు.”

“ప్రపంచంలో ఎవ్వరూ చెరపలేని చోట మీ పిన్ని వేలిముద్ర ఎక్కించి వచ్చావన్నమాట!”

వేదాంత్ తల గోక్కున్నాడు. అలా గోక్కుంటే ముద్దొస్తాడు. దాంతో ఆమెకు ఇంకా ఒళ్లు మండింది.

జరిగింది జరిగినట్టు కంపెనీకి రాసింది. పసుపు పెట్టినావిడ సంతకం, బొమ్మను పొరలు పొరలుగా గీసిన ఫైల్ కళ్లెదుట చూపితే ఒప్పుకుంటామన్నారు. ఇందాక పంపింది పూర్తయిన బొమ్మ; ఈ పొరల ఫైల్ ఆమె లాప్‌టాప్‌లో తప్ప ఇంకెక్కడా లేదు.

“రేపు లీవ్ పెట్టు,” అంది.

“రేపు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందే...”

“పెట్టు. పదింటికి ఎడిసన్ వెళ్తున్నాం. పసుపు ఒక్కటే తనదని మీ పిన్ని రాసి సంతకం పెట్టాలి. అక్కడి నుంచే వీడియో కాల్‌లో వాళ్లకి నేను ఒక్కో పొరా విప్పి చూపిస్తాను. నువ్వు డ్రైవ్ చెయ్యి చాలు, ఇంకేమీ చెయ్యకు.”