మూలగదికి ఎనిమిది జవాబులు

శుక్రవారం మధ్యాహ్నం రెండూ అయిదు. సాయంత్రం అయిదింటికి పరీక్షల ఆఫీసు కిటికీ మూసేస్తారు. ఆలోపు "ఈ థీసిస్ సమర్పించవచ్చు" అని గైడు రాసిన ఒక్క వాక్యం ఆ కిటికీలోంచి లోపలికి వెళ్ళాలి. వెళ్తే థీసిస్ రాసిన అమ్మాయికి సర్టిఫికెట్ చేతికొస్తుంది, సోమవారం పొద్దున పదింటికి వేరే ఊళ్ళో లెక్చరర్‌గా చేరుతుంది. లేకపోతే ఆ ఉద్యోగం జాబితాలో రెండో మనిషికి పోతుంది.

డిపార్ట్‌మెంట్‌లో ఆమెని అందరూ స్కాలరమ్మ అంటారు. ఆరేళ్ళుగా అక్కడే ఉంది మరి.

మూడు వారాల్లో గైడుగారికి పన్నెండు మెయిళ్ళు పెట్టింది. ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. వేసవి రాగానే అక్కడ మనుషులతోపాటు ఫోన్లూ సెలవు పెట్టేస్తాయి. పన్నెండుసార్లూ మిషనే జవాబిచ్చింది. "సెలవులో ఉన్నాను. అత్యవసరమైతే హెడ్‌గారిని సంప్రదించండి." హెడ్‌గారికి రాస్తే గైడు మీద చాడీలు చెప్పినట్టుంటుందని ఇన్నాళ్ళూ ఆగింది. ఇక ఆగలేదు.

హెడ్‌గారి మిషన్ అంది: "డిప్యూటీని సంప్రదించండి."

డిప్యూటీ మిషన్ అంది: "సెలవుల ఇన్‌చార్జిని సంప్రదించండి." కింద ఒక అడ్రసు.

ఆ అడ్రసు మీద వేలు పెట్టి అక్షరం అక్షరం చదివింది. అది తనదే.

అప్పుడు గుర్తొచ్చింది. వెళ్ళేరోజు డిప్యూటీగారు ఒక చేత్తో సూట్‌కేసు ఈడుస్తూ, ఇంకో చేత్తో తాళంచెవుల గుత్తి అందించి "కాస్త చూస్తుండమ్మా" అన్నాడు. మొక్కల సంగతి కాబోలనుకుని రోజూ నీళ్ళు పోస్తోంది. డిపార్ట్‌మెంట్ మొత్తం అప్పజెప్పాడని ఇప్పుడు తెలిసింది.

పరుగున పరీక్షల ఆఫీసుకి వెళ్ళింది. కిటికీ వెనకాల సూపరింటెండెంటు ఒక్కడే ఉన్నాడు.

"బాబాయ్‌గారూ, గైడు లేకపోతే ఇన్‌చార్జి సంతకం చెల్లుతుందా?"

"నిక్షేపంగా చెల్లుతుంది. ఎవరూ ఇన్‌చార్జి?"

"నేనే."

ఆయన కళ్ళద్దాలు తీసి ఆమెకేసి చూశాడు. "అంటే నీ పేపరు నువ్వే దిద్దుకుంటావా? కుదరదమ్మా. గైడు దగ్గర్నుంచి మెయిలన్నా తెప్పించు."

"మరి ఇన్‌చార్జినై ఏం లాభం?"

"గదులు కేటాయించొచ్చు. రిటైరైనాయన మూలగది ఖాళీయేగా. అడిగినవాళ్ళ పేర్లు రాసి పంపమని, సెలవుల్లో ఆ ఫైలూ నా దగ్గరికే వచ్చిపడి ప్రాణం తీస్తోంది. పట్టుకుపో."

మూలగది! రెండు కిటికీలు, బాల్కనీ, మిట్టమధ్యాహ్నం కూడా చల్లటి గాలి. ఆ గది మాటెత్తితే ఎంత పెద్ద మీటింగైనా రెండు ముక్కలయ్యేది.

మూడూ ఇరవైకి తొమ్మిదిమంది ప్రొఫెసర్లకీ ఒకే మెయిల్ వెళ్ళింది. "మూలగది కావలసినవారు ఈరోజు నాలుగింటిలోగా తెలియజేయగలరు. జవాబు రాకపోతే అక్కర్లేదని భావిస్తాము. ఇట్లు, సెలవుల ఇన్‌చార్జి."

మూడూ ఇరవైరెండుకి డిప్యూటీ. ఇరవైమూడుకి హెడ్. ఇరవైఆరుకి గైడుగారు, నాలుగు పేరాలు, సీనియారిటీ లెక్కతో సహా. పావుగంట తిరిగేసరికి ఎనిమిది జవాబులు. తొమ్మిదో ఆయనొక్కడే నిజంగా సెలవులో ఉన్నాడు.

ఆమె గైడుగారికి తిరిగి రాసింది. "సార్, అందింది. నా పన్నెండు మెయిళ్ళు కూడా మీకు అందే ఉంటాయి."

నిమిషంలో ఫోన్ మోగింది. వెనకాల సముద్రపు హోరు, పిల్లల కేకలు.

"ఏమ్మా, ఇన్‌చార్జివి నువ్వా?"

"అవున్సార్. నా థీసిస్..."

"మొదటి వారంలోనే చదివేశాను. బ్రహ్మాండంగా ఉంది!"

"మరి ఒక్క ముక్క రాయకూడదా సార్?"

"రాస్తే మెయిల్ చూస్తున్నానని తెలిసిపోదూ? నీకు రాశానని తెలిస్తే తెల్లారేసరికి హెడ్డు కొత్త సిలబస్ రాసే పని నా నెత్తిన పడేస్తాడు."

ఎవరో ఆడగొంతు గదిమింది. "మళ్ళీ ఆఫీసు ఫోనేనా?"

"అబ్బే, ఐస్‌క్రీమ్ వాడే!" అని, గొంతు తగ్గించి, "చెప్పమ్మా" అన్నాడు.

"సోమవారం ఉద్యోగంలో చేరాలి సార్. అయిదింటికి కిటికీ మూసేస్తారు."

సముద్రపు హోరు దూరమైంది. ఆయన పక్కకి నడిచినట్టున్నాడు.

"ఆ సంగతి రాయలేదేం?"

"పన్నెండింటిలోనూ రాశాను సార్. మొదటి లైన్లోనే."

"నేను థీసిస్ ఒక్కటే తెరిచానమ్మా." గొంతులో దర్పం దిగిపోయింది. "రెండే రెండు నిమిషాలు. పెట్టేయకు."

ఆ రెండు నిమిషాలు అరగంటయ్యాక, నాలుగూ పదికి వాక్యం వచ్చింది. దాన్ని సూపరింటెండెంటు రెండుసార్లు చదివాడు. స్టాంపు కోసం మూడు సొరుగులు వెతికాడు. ఆమె కిటికీలోంచి చెయ్యి చాపి నాలుగో సొరుగు చూపించింది. నాలుగూ యాభైకి ధన్‌మని స్టాంపు పడింది.

అప్పుడే అక్క ఫోన్. పొద్దున్నుంచీ చెల్లెలి సూట్‌కేసు ముందేసుకుని కూర్చుంది పాపం.

"ఏమే, సర్దనా, విప్పనా?"

"సర్దవే అక్కా! సర్దేయ్!"

ఎనిమిదిమంది పేర్లూ వచ్చిన వరసలో రాసి, ఫైలు సూపరింటెండెంటుకి ఇచ్చేసింది. తాళంచెవుల గుత్తీ ఆయన బల్లమీదే పెట్టింది. ఈలోగా గైడుగారి మెసేజ్: "ఇంతకీ గది నాకేనా?"

ఆమె ఆ కిటికీ పక్కనే నిలబడి, మిషన్ ఇవ్వాల్సిన జవాబు టైపు చేసింది.

"నేను ఇక అందుబాటులో ఉండను. అత్యవసరమైతే మూలగది కోరిన ఎనిమిదిమందిలో ఎవరికైనా రాయండి. అందరూ మెయిల్ చూస్తూనే ఉన్నారు."