మా బావి నీళ్ళు

కాగ్నా నది పొంగి మా వాడ కింది వరస ఇళ్ళను గోడలతో సహా తీసుకుపోయిన ఏడాది అది. మా దగ్గర ఇప్పటికీ పిల్లల వయసు ఆ వరదతోనే చెబుతారు. వరదకు ముందు పుట్టాడా, వెనక పుట్టాడా అని అడుగుతారు. నిజాం రాజ్యం పోయి పదేళ్ళు దాటి ఉంటుంది. సరిగ్గా ఏ సంవత్సరమో నాకు తెలియదు.

మాది తాండూరుకూ బషీరాబాదుకూ నడుమ, నాపరాళ్ళ గనుల పక్క వాడ. కొన్ని ఇళ్ళవాళ్ళు ఆదివారం ప్రార్థనకు పోతారు. కొన్ని ఇళ్ళవాళ్ళు పోచమ్మకు సాక పోస్తారు. పని మాత్రం అందరిదీ ఒకటే, రాయి.

వెనకట మాకు నీళ్ళు ఊరి పటేలు బావి నుంచే. మేము ఆ బావి గట్టు ఎక్కకూడదు. కింద కుండలు పెట్టుకుని నిలబడాలి. పటేలు జీతగాడు తీరిక దొరికినప్పుడు చేది పోస్తాడు. దూప అయితే దోసిలి పట్టాలి. మా నాయన చంద్రప్ప ఒక ఎండాకాలం దోసిలి పట్టి నిలబడి నిలబడి, ఎవరూ పోయకపోతే చేతులు దులుపుకుని ఇంటికి వచ్చాడు. ఆ సాయంత్రమే వాడ మధ్యలో గడ్డపార దించాడు.

"రాతిలో బావి ఏందిరా?" అని ఊరు నవ్వింది.

రాతిలో కాక మేము ఇంకెక్కడ తవ్వుతాం? పగలు కూలికి రాయి కొట్టాం. పొద్దుగూకినాక మా కోసం కొట్టాం. పొర కింద పొర లేపుకుంటూ దిగాం. లేపిన రాయితోనే చుట్టూ గట్టు కట్టాం. నీళ్ళు పడిన రోజు మా నాయన వేళ్ళు ముంచి, నాలుక మీద వేసుకుని, పైకి ఎక్కి వచ్చాడు. ఆ తర్వాత మా వాడ మనిషి ఎవరూ పటేలు బావి దగ్గర దోసిలి పట్టలేదు.

వరద తీసిన తర్వాత వాడలో వాంతులు, బేదులు పట్టుకున్నాయి. ముందు బీరన్న పోయాడు. పొద్దున గనికి వచ్చిన మనిషి, మాపటికి లేడు. తర్వాత మొగులప్ప ఇంట్లో పసిపిల్ల. గత్తర, అంటే కలరా, వచ్చిందన్నారు. బేదులైన మనిషికి నీళ్ళు తాపితే ఇంకా పారుతుందని మా వాడలో నమ్మకం. అందుకని ఎవరూ తాపలేదు. మా అత్త భీమమ్మది కన్నడం మాట్లాడే పక్క ఊరు. చాప మీద పడుకుని "నీరు కొడు, నీరు కొడు" అని తన భాషలో నీళ్ళు ఇమ్మని అడుగుతూనే ఉంది. నా భార్య మొగులమ్మ తల్లి నోటికి తడి బట్ట అద్దుతూ, ముఖం అటు తిప్పుకుని ఏడ్చింది.

అప్పుడు వచ్చింది వికారాబాదు నుంచి డాక్టరమ్మ. పేరు మనోరమ. మనిషి సన్నగా, పొట్టిగా ఉంటుంది. గొంతు మాత్రం గని మేస్త్రీ గొంతు. లోపలికి వస్తూనే మా అత్త చేతి మీద చర్మం గిచ్చి వదిలింది. గిచ్చిన చోట చర్మం మడత పడి అట్లాగే నిలబడింది.

"ఉచ్చ పోసిందా?"

"నిన్నటి సంది లేదమ్మా," అంది మొగులమ్మ.

"నీళ్ళు ఎందుకు తాపలే?"

"తాపితే పారుతదని..."

"పారినా సరే, తాపాలె. పోయినన్ని నీళ్ళు లోపలికి పోకపోతే లోపల అన్నీ ఎండుకపోతయి. ముసలమ్మకు పోయేది బేదులతోని కాదు, మీరు నీళ్ళు ఆపినందుకు పోతది. పొయ్యి మీద నీళ్ళు మరగవెట్టు. జర ఉప్పు ఎయ్యి. గంజి కాసి దాంట్ల గూడ ఉప్పు ఎయ్యి."

బడిలో మంచాలు వేయించింది. మా అత్తకు చేతి నరానికి సూది గుచ్చి, సీసాలో మందునీళ్ళు ఎక్కించింది. రెండో నాడు మా అత్త లేచి కూర్చుని, ముందుగా అల్లుణ్ణి, నన్నే, తిట్టింది. నీళ్ళు ఇవ్వని సచ్చినోడా అని. అప్పుడు నమ్మకం కుదిరింది మాకు. ఆ తర్వాత మా వాడలో ఇంకెవరూ పోలేదు.

డాక్టరమ్మ మందు ఇచ్చి పోయే మనిషి కాదు. ఈ జబ్బు ఎక్కడి నుంచి పుడుతుందో పట్టాలన్నది ఆమె పంతం. ప్రతి ఇంటి నుంచీ బేదుల మచ్చు సీసాల్లోకి తీసుకుంది. మా బావి నీళ్ళు పొద్దున ఒకసారి, మాపున ఒకసారి సీసాల్లోకి తీసుకుంది. సీసాలను రంపపు పొట్టులో, మంచుగడ్డల నడుమ పెట్టి హైదరాబాదుకు పరీక్షకు పంపేది. ఆ పెట్టెను తాండూరు స్టేషనుకు మోసే పని నాది. ఒకసారి స్టేషనులో ఒకాయన పెట్టె చూసి, "ఏంది బాలప్పా, హైదరాబాదుకు నెయ్యి పంపుతున్నవా?" అన్నాడు.

"మా వాడ సరుకు. మూత తీసి చూడు," అన్నాను. తీయలేదు.

హైదరాబాదు నుంచి కబురు వచ్చింది. ఇది గత్తర కాదు. బేదుల జబ్బే, కానీ పురుగు వేరే. అది మనిషి మలంలో ఉంటుందట. అదే పురుగు మా బావిలో కూడా ఉందట. డాక్టరమ్మ బావిలో పురుగును చంపే తెల్ల పొడి వేయించింది. నీళ్ళు బాగయ్యాయి. నాలుగు నాళ్ళకు మళ్ళీ చెడ్డాయి. మళ్ళీ పొడి వేస్తే, మళ్ళీ చెడ్డాయి.

పైనుంచి ఒక సారు వచ్చాడు. బావిలోకి తొంగి చూశాడు. "పొడి వేసినా చెడుతున్నాయంటే ఊటే చెడ్డది. పూడ్చేయండి. ఊళ్ళో పటేలు బావి ఉంది కదా, అక్కడ తెచ్చుకోండి," అన్నాడు. వచ్చే సంత నాటికి మనుషులను, రాళ్ళ బండ్లను పంపుతానన్నాడు.

పటేలు అక్కడే నిలబడి ఉన్నాడు. "రాండ్రి, రాండ్రి. మావోడు పోస్తడు తియ్యి. మునుపు పోసినట్టే," అన్నాడు.

 దోసిలి పట్టిన మా నాయన చేతులు నా కళ్ళ ముందు ఉన్నాయి. మొగులమ్మ మాత్రం ఆగలేదు.

"మా బాయి పూడిస్తే, మీద నన్ను గూడ పూడ్వాలె సారూ," అంది.

సారు విననట్టు పోయాడు.

డాక్టరమ్మ హైదరాబాదు నుంచి వచ్చిన కాగితాలు ఒక్కొక్కటీ తిరగేసింది. తర్వాత నాతో అంది: "బాలప్పా, ఒకటి చెప్త విను. పొద్దటి సీసాల పురుగు ఎక్కువ ఉన్నది, మాపటి సీసాల తక్కువున్నది. ఊట చెడితే ఎప్పుడైనా ఒక్క తీరుగనే ఉండాలె గద. గిది పొద్దుగాల ఎవరో తెచ్చి ఏసినట్టున్నది."

ఈ మాట వాడ అంతా పాకింది. పటేలు మనుషులే ఏదో కలుపుతున్నారని మొగులప్ప కర్ర పట్టుకుని లేచాడు. డాక్టరమ్మ గదిమింది. "ఊకె ఎవరి మీద పెట్టకు. చూసినంక చెప్త. నాకు చూడనియ్యండి."

మర్నాడు తెల్లవారకముందే వచ్చి బావి గట్టు మీద కూర్చుంది. ఆడవాళ్ళు ఒక్కొక్కరూ తాడు, బొక్కెన పట్టుకుని వచ్చారు. మా వాడలో ఎవరి తాడు వాళ్ళదే, ఎవరి బొక్కెన వాళ్ళదే. ప్రార్థనకు పోయే ఇళ్ళ తాడు సాక పోసే ఇళ్ళవాళ్ళు ముట్టరు. వాళ్ళది వీళ్ళు ముట్టరు. వరదలో ఇంటి తాళ్ళన్నీ కొట్టుకుపోయాయి. అందుకని ఆ ఏడు మగవాళ్ళం గనిలో రాయి లాగే తాళ్ళనే పొద్దున పనికి పోయే లోపల నీళ్ళకు ఇచ్చేవాళ్ళం.

"ఏందమ్మా, నీళ్ళు చేదుడు ఎన్నడు సూడలేదా?" అంది భాగమ్మ. ఆమె నోరు మా వాడకు పెద్ద.

"చూసిన. మీరు చేదుడు చూడలే."

"సూడు సూడు. సూసినందుకు ఏమన్న పెడ్తవా?"

"బిళ్ళలు పెడ్త. మస్తు చేదుంటయి."

ఆడవాళ్ళంతా నవ్వారు. నవ్వుతూనే మొగులమ్మ తాడు బావిలోకి వదలబోయింది. డాక్టరమ్మ చటుక్కున ఆ తాడు పట్టుకుంది. వేళ్ళ సందుల నుంచి నీళ్ళు కారాయి.

"ఇంక బాయిలకు దిగనే లేదు. గీ తాడు తడిగ ఎందుకున్నది?"

"నానవెట్టిన తాడమ్మా. ఎండు తాడైతే రాతి అంచు మీద పీచులు లేసి తెగుతది. నానితే తెగదు. మావోళ్ళు రోజు నానవెడ్తరు."

"ఏ నీళ్ళల్ల?"

మొగులమ్మ నా వైపు చూసింది. నేను లేచి ముందు నడిచాను. డాక్టరమ్మ వెనక వచ్చింది. రాయి అయిపోయి వదిలేసిన పాత గుంత మాకు దగ్గరలోనే ఉంటుంది. వాన నీళ్ళతో నిండి, వరదతో ఇంకా నిండింది. పొద్దుగూకగానే అందరం తాళ్ళను అందులో వేసి, కొసకు రాయి కట్టి వస్తాం. మా తాతల నాటి పద్ధతి. తాడు తెగితే కింద ఉన్న మనిషి మీద రాయి పడుతుంది. తాడు నానబెట్టడం అంటే మాకు ప్రాణం కాపాడుకోవడం.

గుంత అంచు చుట్టూ వాడ ఆడా మగా చెంబు పట్టుకుని పోయే చోటు. అది ఆమెకు చెప్పనక్కరలేకపోయింది. ముక్కుకు కొంగు పెట్టుకుని, వంగి, సీసా నింపింది. మూత బిగించి నా వైపు తిరిగింది.

"బాలప్పా, మీ బాయి మంచిదే," అంది.

ఆ మాట మూడు సంగతులు చెప్పినట్టు వినిపించింది నాకు. ఊట మంచిది. మా నాయన తవ్విన చోటు మంచిది. ఇక బావిని పూడ్చనక్కరలేదు. కానీ సంత ఎల్లుండే.

ఆ పూటే వాడ అంతా బావి దగ్గర కూడింది. డాక్టరమ్మ చెప్పింది: గని తాడు బావిలో దిగకూడదు. ఇంటి బొక్కెన కూడా దిగకూడదు. బావికి ఒకటే తాడు, ఒకటే బొక్కెన. అవి బావి దగ్గరే వేలాడాలి, నేలను తగలకూడదు. అందరూ దానితోనే చేదుకోవాలి.

భాగమ్మ అక్కడ అడ్డం తిరిగింది. "ఆళ్ళు పట్టిన తాడు మేము పట్టాల్నా? మా బొక్కెనల ఆళ్ళ నీళ్ళా?"

అటు పక్కన మొగులప్ప కూడా అదే మాట అనబోయాడు. మొగులమ్మ నడుమకు వచ్చింది.

"భాగక్కా, పటేలు బాయికాడ దోసిలి వట్టినప్పుడు నీ చేతులు, నా చేతులు ఒక్క తీరుగనే లేకుండెనా? ఆడ గుర్తు రాలేదు, ఈడ గుర్తొచ్చిందా?"

భాగమ్మ తన చేతులు చూసుకుంది. "అయితే బొక్కెన పెద్దది పెట్టుండ్రి. చిన్న దానితోని నా చేతులు పడిపోతయి," అంది. అంతటితో తెగిపోయింది ఆ తగాదా.

మరుసటి రోజు ఎవరం గనికి పోలేదు. ఆడవాళ్ళు పెళ్ళిళ్ళకు వంట చేసే పెద్ద గంజు బావి దగ్గర పొయ్యి మీద ఎక్కించారు. కొత్త తాడు నేను పేనాను. ఆ తాడును మరిగే నీళ్ళలో నానబెట్టాం. నానాలి కదా మరి, పద్ధతి ఎక్కడికి పోతుంది? గట్టుకు రెండు పక్కలా నిలువు రాళ్ళు నిలబెట్టాం. మా నాయన బావిలో నుంచి లేపిన మొదటి పొర రాళ్ళవి. ఇన్నాళ్ళూ ఇంటి గోడకు ఆనించి దాచాను. రాళ్ళకు బెజ్జాలు కొట్టి, ఇరుసు దూర్చి, గిలక ఎక్కించాం. అప్పుడు మళ్ళీ తెల్ల పొడి వేశాం.

సంత నాడు సారు బండ్లతో వచ్చాడు. డాక్టరమ్మ గుంత నుంచి బావి దాకా సంగతంతా చెప్పింది. సారు గడియారం చూసుకున్నాడు.

"ఈ తాడుతోనూ చెడితే?"

"ఈ సారి గూడ నీళ్ళు చెడితే, మొదటి రాయి నేనే వేస్త," అంది డాక్టరమ్మ.

బండ్లు వెనక్కి తిరిగాయి.

పొడి వాసన పోయినాక, ముందు చెడే వేళ దాటి ఇంకా వారం గడిచాక, పొద్దటి నీళ్ళు, మాపటి నీళ్ళు సీసాల్లోకి పట్టి పంపాం. పెట్టె మోసుకుపోయింది నేనే. దారి పొడుగునా పెట్టె కుదపకుండా నడిచాను. 

కబురు తానే తెచ్చింది డాక్టరమ్మ. నేరుగా బావి దగ్గరికి పోయి, గిలక మీద తాడు వదిలి, బొక్కెన పైకి లాగి, మా అందరి ముందూ చెంబుతో ముంచుకుని తాగింది. మూతి తుడుచుకుని, "రెండు సీసాలు మంచిగున్నయి. ఒక్క పురుగు లేదు," అంది. మా అత్త భీమమ్మ లేచి వచ్చి ఆమెకు దిష్టి తీసింది. జబ్బు మళ్ళీ రాలేదు. తర్వాత ఆమె హైదరాబాదులో పెద్ద డాక్టర్ల ముందు ఈ సంగతి చదివిందట. మా గుంత, మా తాడు, మా గిలక అన్నీ అందులో ఉన్నాయట. నాకు చదవడం అంతగా రాదు. కానీ ఉన్నాయని తెలుసు.

డాక్టరమ్మ మా బావి నీళ్ళు తాగిన సాయంత్రమే పటేలు మా వాడకు నడిచి వచ్చాడు. అంతకు ముందు ఎప్పుడూ రాలేదు. ఆయన ఇంట్లో కూడా మనవడికి బేదులు పట్టుకుని, డాక్టరమ్మ సీసా ఎక్కించింది. ఆయన బావిలో ఊరివాళ్ళు పశువులను కట్టే తాళ్ళే దించుతారు. గిలక చుట్టూ తిరిగి చూశాడు.

"బాలప్పా, గీ రాళ్ళు, గీ గిలక... మా బాయికి గూడ గిట్లనే వెట్టవా?"

వాడ అంతా నా నోటి వైపు చూసింది.

"గట్టు ఎక్కాలె మరి," అన్నాను.

 "ఎక్కు," అన్నాడు.

మర్నాడు పొద్దున ఉలి, సుత్తె, రెండు రాళ్ళు బండిలో వేసుకుని పోయాను. పటేలు బావి గట్టు ఎక్కి, రాళ్ళు నిలబెట్టి, గిలక బిగించాను. పని అయ్యేసరికి ఎండ ముదిరింది. జీతగాడు కొత్త బొక్కెనతో నీళ్ళు చేది, తాగమని నా ముందు పట్టాడు. వద్దన్నాను. గట్టు మీదనే కూర్చుని, నా సొరకాయ బుర్ర మూత తీసి, మా బావి నీళ్ళు తాగాను.